పదమూడుకీ పదిహేనుకీ మధ్య

మా ఊరికి రెండు పేర్లు. పోలిష్‌లో ఓల్షింకా, జర్మన్‌లో ఎర్లెన్‌బుష్. రెండో ప్రపంచయుద్ధం దాకా ఊరు జర్మనీది, ఆ తర్వాత పోలిష్ ప్రభుత్వానిది. నాకూ రెండు పేర్లే. ఇంట్లో హిల్డా, బడి రిజిస్టర్లో హలీనా. నేను యుద్ధం అయిపోయిన పదేళ్లకి పుట్టాను. జర్మన్ పేర్లు పెడితే ఆఫీసుల్లో మొహం చిట్లించే రోజులవి. మా అమ్మ మాత్రం ఇంట్లో ఆ పేరుతో పిలవడం మానలేదు. ఇప్పటికీ ఊళ్లో సగంమంది నన్ను ఒక పేరుతో, మిగతా సగం ఇంకో పేరుతో పిలుస్తారు. ఎవరు ఏ పేరుతో పిలిచారో దాన్నిబట్టి వాళ్ల తాతలు ఎక్కడివాళ్లో చెప్పేయొచ్చు.

ఆ వేసవిలో ఊరిపెద్ద యోఆఖిమ్ నా దగ్గరికొచ్చి, "ముప్ఫై ఏళ్లు లైబ్రరీ నడిపావు. ఊరి చరిత్ర నువ్వు రాయకపోతే ఎవరు రాస్తారు?" అన్నాడు. వచ్చే వసంతానికి ఊరు పుట్టి ఏడువందల ఏళ్లు. పేజీకి ఎడమవైపు పోలిష్, కుడివైపు జర్మన్. చిన్న పుస్తకమే, ఎనభై పేజీలు. ఒప్పుకున్నాను. అంత బుద్ధితక్కువ పని నా జన్మలో ఇంకోటి చెయ్యలేదు.

నలభై ఐదు జనవరిలో రష్యన్ సైన్యం వచ్చింది. ఈ ఒక్క వాక్యానికి మూడు వారాలు పట్టింది. 'విముక్తి' అని రాస్తే తాతలనాటి నుంచీ ఇక్కడే ఉన్న మావాళ్లు బల్ల గుద్దారు. 'దాడి' అని రాస్తే యుద్ధం తర్వాత తూర్పునుంచి వచ్చి స్థిరపడినవాళ్లు కుర్చీలు వెనక్కి తోసి లేచారు. చివరికి విసుగొచ్చి 'వచ్చింది' అని మాత్రం రాశాను. అప్పుడు రెండు వైపులవాళ్లూ కలిసి నన్ను తిట్టారు. చర్చి గంట ఎవరు పోయించారన్నదానికి ఒక గొడవ. బడి ఎవరు కట్టించారన్నదానికి ఇంకో గొడవ. రాసింది కొట్టెయ్యడం, కొట్టేసింది మళ్లీ రాయడం. రాత్రిళ్లు పడుకుంటే కలలో కూడా రెండు వరసలే కనిపించేవి.

అక్టోబరు ఆఖర్లో ఇళ్ల జాబితా తయారు చేస్తుంటే పద్నాలుగో నంబరు దొరకలేదు.

చర్చి వీధిలో పదమూడు ఉంది. పదిహేను ఉంది. మధ్యలో లేదు. యుద్ధానికి ముందు పటంలో మాత్రం అక్కడ చిన్న చదరం గీసి ఉంది. అప్పటి జాబితాలో, 'వోత్స్కా కుటుంబం, ఏడుగురు' అని రాసుంది. తండ్రి సైన్యానికి వెళ్లి తిరిగి రాలేదు. మిగిలింది ఆరుగురు. నాయనమ్మ, తల్లి, నలుగురు పిల్లలు. ఊరొదిలి వెళ్లినవాళ్ల జాబితాలో వాళ్లు లేరు. చనిపోయినవాళ్ల జాబితాలో లేరు. శ్మశానమంతా తిరిగాను. అక్కడా లేరు.

యోఆఖిమ్‌ని అడిగాను.

"అక్కడేం లేదు హిల్డా. ఖాళీ జాగా."

పదిహేనులో ఉండే బ్రోనెక్ సవిట్స్కీని అడిగాను. అతని తండ్రి నలభై ఐదు జూన్‌లో తూర్పునుంచి ఆవునీ పెళ్లాన్నీ వెంటబెట్టుకుని గూడ్సుబండిలో వచ్చినవాడు. ఊరి బోర్డు మీద ఏ పేరు పైన ఉండాలన్న తగాదాతో యోఆఖిమ్‌కీ ఇతనికీ ఐదేళ్లుగా మాటల్లేవు.

"అక్కడేం లేదు హలీనా. ఖాళీ జాగా," అన్నాడు బ్రోనెక్.

అదే మాట. అచ్చం అదే. ఈ ఊళ్లో రెండు వైపులవాళ్లూ ఒక్క మాట మీద నిలబడటం నేను చూడటం అదే మొదటిసారి. నాకు ఒళ్లు మండింది.

"ఖాళీ ఏమిటి? మీ కొట్టం ఉందిగా అక్కడ?"

"కొట్టం తప్ప ఏం లేదంటున్నా."

"అయితే వచ్చి కొలుచుకుంటాను. పటంతో సరిపోల్చాలి."

"కొలుచుకో. మొత్తం ఊరునే కొలిచేస్తున్నావుగా." వెళ్తూ వెళ్తూ ఆగాడు. "తలుపు గడియ పెట్టే ఉంటుంది. తీసుకుని వెళ్లు. నన్ను మాత్రం రమ్మనకు."

నవంబరు మొదటి వారం. మధ్యాహ్నం మూడున్నర. మాకు ఆ నెలలో నాలుగింటికల్లా చీకటి పడుతుంది. ఆ రోజు పొద్దున్నుంచీ మంచు విడవలేదు. వీధంతా బొగ్గు పొగ వాసన, కుళ్లిన ఆకుల వాసన. మృతుల పండుగకి సమాధుల మీద పెట్టిన కొవ్వొత్తులు ఇంకా ఆరలేదేమో, గాలి శ్మశానం వైపునుంచి వీచినప్పుడల్లా మైనం వాసన కూడా కలిసొచ్చేది.

కొట్టం గడియ తీసి లోపలికి వెళ్లాను. కొట్టమంటే గడ్డి ఉండాలి, పేడ వాసన ఉండాలి, పాత నాగలో తొట్టో ఏదో ఒకటి మూలన పడుండాలి. అక్కడ ఏమీ లేదు. చెక్కల నేల, నాలుగు గోడలు. అరవై ఏళ్లుగా నిలబడి ఉన్న కొట్టంలో ఎవరూ ఏమీ పెట్టలేదు. ఆవుకి చోటు చాలక బ్రోనెక్ ఇంటి వెనక రేకులషెడ్డు వేసుకున్నాడు మరి. ఆ సంగతి నాకు అప్పుడే గుర్తొచ్చింది.

టేపు తీసి కొలవడం మొదలుపెట్టాను. గోడనుంచి గోడకి పదకొండు మీటర్లు. అంకె రాసుకుని అవతలి మూలకి నడిచాను. అక్కడ నా అడుగుల చప్పుడు మారింది. కింద నేల గట్టిగా లేదు. బోలుగా మోగింది.

ఆగాను.

నేను ఆగాక కూడా చప్పుడు వచ్చింది.

టక్. టక్. టక్.

ఎలుక అనుకున్నాను. ఎలుక లెక్కపెట్టి మూడుసార్లు కొట్టదు కదా... మళ్లీ అదే. టక్. టక్. టక్. సరిగ్గా నా కాళ్ల కింద. తర్వాత ఒక గొంతు. ఆడపిల్ల గొంతు. చెక్కకి నోరు ఆనించి మాట్లాడినట్టు.

"పైన ఎవరైనా ఉన్నారా?"

జర్మన్‌లో.

నేను జవాబు చెప్పలేదు. భయంతో కాదు. నిజం చెప్పాలంటే అప్పటికి భయం ఇంకా పూర్తిగా రాలేదు. గడప దాటితే ఒక్క జర్మన్ ముక్క మాట్లాడకూడదని అమ్మ నాకు మాటలొచ్చిన రోజునుంచీ నూరిపోసింది. నోరు దానంతటదే మూసుకుపోయింది. యాభై ఆరేళ్లదాన్ని, ఎవరూ లేని కొట్టంలో నిలబడి... పెదవులు బిగించేశాను.

కింద ఎవరో ఎవరితోనో గుసగుసలాడారు. మళ్లీ అదే గొంతు. ఈసారి పోలిష్‌లో, తడుముకుంటూ, అప్పజెప్పిన పాఠంలా.

"పైన... ఎవరైనా... ఉన్నారా?"

"ఉన్నాను," అన్నాను.

నా గొంతు నాకే వినపడలేదు. కింద మాత్రం వినపడింది. గోళ్లతో చెక్కని గీకినట్టు చిన్న చప్పుడు.

"ఎన్ని రోజులైంది?"

ఏం చెప్పను? అరవై ఆరేళ్లని చెప్పనా? ఎందుకో తెలీదు, "మూడు," అన్నాను.

ఆ గొంతు పక్కకి తిరిగింది. ఇంకెవరికో చెప్పింది, మెల్లగా, కొంచెం ఆశగా.

"అమ్మా... మూడేనట."

కింద ఎవరో పెద్దవాళ్లు బరువుగా కదిలారు.

టేపు అక్కడే పడేసి బయటికి పరిగెత్తాను.

పదమూడో నంబరు తలుపు తెరిచే ఉంది. పుట్టినప్పటినుంచీ ఆ ఇంట్లోనే ఉన్న ఆగ్నేస్ అత్త గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడి ఉంది. ఎనభై ఒక్కేళ్ల మనిషి. కొట్టంలోకి నేను వెళ్లడం కిటికీలోంచి చూసిందట. నా మొహం చూసి ఏమైందని అడగలేదు.

"ఏ భాషలో?" అంది.

"రెండిట్లోనూ."

లోపలికి తీసుకెళ్లి పొయ్యి పక్కన కూర్చోబెట్టింది. తను నిలబడే ఉంది.

"ట్రూడ్కా అది. వోత్స్కావాళ్ల పెద్దపిల్ల. నాకంటే రెండు నెలలు చిన్న. మాకు పదిహేనేళ్లు అప్పుడు. సైనికులు వస్తున్నారని వాళ్లంతా నేలమాళిగలో దూరారు. మేం మా దాంట్లో దూరాం. వాళ్ల ఇంటికి నిప్పు పెట్టారు. కప్పు కూలి మూత మీద పడింది. వాళ్లు కాలి చచ్చిపోలేదు హిల్డా. కాలలేదు. మాకూ వాళ్లకీ మధ్య ఒక్క గోడే. కొడుతూనే ఉన్నారు. ముందు జర్మన్‌లో పిలిచారు. జర్మన్ వినపడితే సైనికులు కాలుస్తారని ఎవరూ పలకడం లేదనుకున్నారేమో, తర్వాత పోలిష్‌లో పిలిచారు. నేను అరవబోయాను. అమ్మ నా నోరు మూసింది. ఇదిగో, ఇలా." అత్త తన అరచెయ్యి మొహానికి అడ్డంగా పెట్టుకుంది. "మూడు రోజులు."

"వీధిలో సైనికులుంటే మీరు మాత్రం ఏం చేస్తారత్తా?"

"సైనికులు రెండో రోజు సాయంత్రానికే వెళ్లిపోయారు."

పొయ్యిలో బొగ్గు చిటపటలాడింది.

"మరి మూడో రోజు?"

"మూడో రోజు... బయటికి తీస్తే, ఇంతసేపూ ఎందుకు రాలేదని అడుగుతారుగా." అత్త నావైపు చూడలేదు. "వీధి వీధంతా వింది. ఒక్కళ్లూ కదల్లేదు. నాలుగో రోజు ఏ చప్పుడూ లేదు. అప్పుడు అందరం బయటికొచ్చాం."

మర్నాడు యోఆఖిమ్ దగ్గరికి వెళ్లి, తవ్వించు అన్నాను. అతను కళ్లజోడు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తుడిచాడు.

"పండగ ఏర్పాట్లు జరుగుతున్నాయి హిల్డా. జర్మనీనుంచి అతిథులొస్తున్నారు. ఇప్పుడు ఎముకలు తీస్తావా?"

"ఎముకలు ఉన్నాయని నీకెలా తెలుసు? ఖాళీ జాగా అన్నావుగా!"

ఫాదర్ దగ్గరికి వెళ్లాను. మంచి మనిషి, కొత్తగా వచ్చినవాడు. పైవాళ్లకి ఉత్తరం రాస్తానన్నాడు. జిల్లా ఆఫీసుకి వెళ్లాను. స్థలం యజమాని సంతకం కావాలన్నారు. యజమాని బ్రోనెక్. తలుపు సందులోంచే, "నా కొట్టం జోలికి రాకు," అన్నాడు. పుస్తకం చిత్తుప్రతి తెచ్చి పొయ్యిలో పడేద్దామనుకున్నాను. పద్నాలుగో నంబరు దగ్గర ఎడమవైపూ తెలుపే, కుడివైపూ తెలుపే. మొత్తం ఎనభై పేజీల్లో రెండు వైపులా ఒకేలా ఉన్నది అదొక్కటే.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఆగ్నేస్ అత్త మా ఇంటికొచ్చింది. ఏడాదిగా చర్చికి తప్ప గడప దాటని మనిషి.

"పద," అంది.

"ఎక్కడికత్తా?"

"తెలీనట్టు అడక్కు. నాకు మోకాళ్ల నొప్పి. కింద కూర్చుంటే నువ్వే లేపాలి."

మేం వెళ్లేసరికి కొట్టం ముందు బ్రోనెక్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అప్పుడే మంచు దిగుతోంది. మమ్మల్ని ఆపుతాడనుకున్నాను. అత్తని చూసి పక్కకి జరిగాడు. ఆ మూలన అత్త నా భుజం పట్టుకుని మెల్లగా మోకాళ్ల మీద కూలబడింది. తర్వాత పక్కకి ఒరిగి, చెంప చెక్కకి ఆనించి పడుకుంది. నల్లకోటు, నల్ల రుమాలు. కదలిక లేదు.

ఎంతసేపు అలా ఉన్నామో. పిట్ట చప్పుడు కూడా లేదు.

టక్. టక్. టక్.

గుమ్మంలో బ్రోనెక్ శ్వాస ఆగిపోవడం నాకు వినపడింది.

అత్త జర్మన్‌లో పలకలేదు. పోలిష్‌లోనూ పలకలేదు. మేం ఇళ్లలో మాట్లాడుకునే యాస ఒకటుంది. రెండు భాషలూ కలిసిపోయి, ఏ పుస్తకంలోకీ ఎక్కనిది. నాయనమ్మలు తిట్టేదీ ముద్దుచేసేదీ దాంట్లోనే. ఆ యాసలో అంది.

"ట్రూడ్కా, ఒసేయ్... నేనే. ఆగ్నీని."

కొట్టడం ఆగింది.

నేను వంగి ఆవిణ్ణి లేపబోయాను. అప్పుడు వచ్చింది ఆ గొంతు. కోపం లేదు అందులో. నిష్ఠూరం కూడా లేదు. పక్కింటి పిల్లని పలకరించినట్టు ఉంది.

"ఆగ్నీ... మీ అమ్మ చెయ్యి తీసిందా?"

ఆగ్నేస్ అత్త అరిచిన అరుపు నేను మర్చిపోలేను. పదిహేనేళ్ల పిల్ల అరుపు అది.

వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలో బ్రోనెక్ లేడు. పారిపోయాడనుకున్నాను. రెండు నిమిషాల్లో గడ్డపార పట్టుకుని వచ్చాడు. మొహం సున్నంలా ఉంది.

"అత్తని అటు జరుపు."

"బ్రోనెక్, సంతకం, పోలీసు..."

"సంతకం నాదేగా? చేస్తా తర్వాత." మొదటి చెక్క సందులో గడ్డపార దిగేశాడు. "మా నాన్న బూడిద ఎత్తిపోస్తుంటే మూత కనపడింది. పైన పడ్డ దూలం తీసేశాడు కూడా. వాసనొచ్చింది. స్థలాలు పంచే ఆఫీసరు దాని మీదే చెక్కలు పరిచెయ్యమన్నాడు. పరిచేశాడు. పోయే ముందు నాతో ఒక్క మాటే అన్నాడు, 'అక్కడ ఏమీ పెట్టకు' అని. మీవాళ్లు తెరవలేదు, మావాళ్లు తెరవలేదు. చాల్లే ఇంక."

చెక్కలు ఒక్కొక్కటే లేచాయి. కింద ఇనుప రింగు ఉన్న మూత. ఇద్దరం కలిసి లాగాం. చల్లని గాలి ఒక్కసారిగా మొహానికి కొట్టింది. మట్టి వాసన, తుప్పు వాసన. అంతే. గొంతు లేదు. చప్పుడు లేదు. టార్చి వేస్తే మెట్లు. పై మెట్టు మీద, మూతకి తల ఆనేంత దగ్గరగా, ముడుచుకుని కూర్చున్న చిన్న ఆకారం. ఒంటి మీద ఉన్నికోటు మాత్రం మిగిలి ఉంది. దాని కుడిచేతి ఎముకల దగ్గర ఒక చెక్కచెంచా, కొట్టీ కొట్టీ సగం అరిగిపోయింది.

మేం దిగలేదు. మోకాళ్ల మీద కూర్చుని, మూత పట్టుకుని అలాగే ఉండిపోయాం.

ఆ తర్వాత పోలీసులొచ్చారు, ఎముకల డాక్టరు వచ్చాడు. ఆరుగురు. లెక్క సరిపోయింది. కింద ఉన్నవన్నీ ఎత్తుకుపోయారు. చాపలు, కుండలు, బుట్టలు, పొడైపోయిన దుప్పట్లు, చివరికి నేలమీద మట్టి కూడా జల్లెడ పట్టి తీసుకెళ్లారు. మూత మూసి, గడియకి సీసం ముద్ర వేశారు.

డిసెంబరులో పూడ్చారు. ఊరంతా వచ్చింది. చిన్నవి నాలుగు, పెద్దవి రెండు, తెల్ల పెట్టెలు. అక్కడ కూడా మావాళ్లు ఊరుకోలేదు. రాతి మీద ఏ భాష ముందుండాలని గోతి పక్కనే మొదలుపెట్టారు. యోఆఖిమ్ ఒకటి అన్నాడు, అవతలివాళ్లు ఒకటి అన్నారు. నాకు ఆ పెట్టెల ముందే గట్టిగా అరవాలనిపించింది. ఆగ్నేస్ అత్త కర్ర ఎత్తి నేలకేసి కొట్టింది. "పేర్లు చెక్కండి చాలు. పేర్లకి భాషేమిటి?" అంది. అందరూ తలలు దించుకున్నారు. ఆరు పేర్లు చెక్కారు. పుస్తకంలో పద్నాలుగో నంబరు ఎదురుగా ఎడమవైపూ కుడివైపూ ఆ ఆరు పేర్లే రాశాను. ఒక్కళ్లు కూడా కొట్టెయ్యమనలేదు. అన్నేళ్ల తర్వాత ఆగ్నేస్ అత్తకి నిద్ర పడుతోందట. ఒక పని ముగిసిందనుకున్నాను.

జనవరిలో పోలీసులు ఫైలు మూసేసి, నేలమాళిగ పూడ్చుకోవచ్చని బ్రోనెక్‌కి కాగితం ఇచ్చారు. అతను రెండు ట్రాక్టర్ల ఇసుక తోలించాడు. పొయ్యబోయే ముందు ఒక్కసారి లోపల చూసొద్దామని నన్ను పిలిచాడు. ఒక్కడే దిగడం ఇష్టం లేదు, ఆ మాట పైకి చెప్పలేదు. పట్టపగలు పదకొండు గంటలు. బయట మంచు మీద ఎండ మెరుస్తోంది. సీసం ముద్ర ఎలా వేసింది అలాగే ఉంది. బ్రోనెక్ కటింగ్ ప్లయర్‌తో దాన్ని తుంచాడు. మూత ఎత్తాం.

తొమ్మిది మెట్లు. ముందు అతను, వెనక నేను. కింద ఊడ్చిపెట్టినట్టు ఖాళీ. సున్నపు గోడలు, శుభ్రమైన నేల. నాకు ఊపిరి తేలికైంది. "సరే, పద," అన్నాను.

"హలీనా," అన్నాడు బ్రోనెక్, చాలా మెల్లగా. "టార్చి ఇటు తిప్పు."

అవతలి గోడ వారగా, నేల మీద, బంగాళాదుంప తొక్క ఉంది. ఎక్కడా తెగకుండా ఒకే పొడుగున, చుట్టచుట్టుకుని. తిండికి కరువొచ్చినవాళ్లు ఒలిచినట్టు పల్చగా ఉంది. కాగితమంత సన్నం.

వంగి ముట్టుకున్నాను. తడిగా ఉంది.

నలభై ఏళ్లుగా వంట చేస్తున్నదాన్ని. తొక్క ఒలిచాక ఎంతసేపట్లో నల్లబడుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. తిప్పి చూశాను.

లోపలివైపు ఇంకా తెల్లగానే ఉంది.